ఒకే ఒరలో రెండు పగడాలు

ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెట్టుకుని పగడాలు పెంచేవారు ఏదో ఒకనాడు తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది: మెత్తని పగడాలనూ రాతి పగడాలనూ ఒకే తొట్టిలో పెంచవచ్చునా అని. అడిగేవారిలో ఎక్కువమంది నిజానికి సమాధానం కోసం అడగరు. అప్పటికే రెండు రకాలూ కొని తెచ్చి నీటిలో దించి ఉంటారు, ఔననిపించుకోవడానికి అడుగుతారు. దుకాణదారు ఔననే అంటాడు, రెండూ అతని సరుకే కదా. ఈ కలగలుపు తొట్టికి మిక్స్‌డ్ రీఫ్ అని ముద్దుపేరు కూడా ఉన్నది. నా అభిప్రాయం ఇందుకు విరుద్ధం. ఇంటి తొట్టికి ఈ మిశ్రమాన్ని ఆదర్శంగా చూపడం, అందునా ఈ వ్యాసంగంలోకి కొత్తగా వచ్చినవారికి చూపడం, తగదని నేననుకుంటాను. కారణాలు వ్రాస్తాను. ఏకీభవించకపోయినా చదువరులు ఓపికతో చివరిదాకా చదువుతారని ఆశ.

ముందుగా పేర్ల సంగతి. పగడమంటే మనకు తరతరాలుగా తెలిసినది నవరత్నాలలోని ఎర్రని పూస. ఆ పూస ప్రధానంగా మధ్యధరా సముద్రంలో పెరిగే కొరాలియం అనే జీవి అస్థిపంజరం. తమాషా ఏమంటే, రాయిలా గట్టిగా ఉండే ఆ ఆభరణపు పగడం వంశం రీత్యా మెత్తని పగడాలకు దగ్గరి చుట్టం. ఆ రెండింటి పాలిప్‌లకూ ఈకల్లా చీలిన స్పర్శకాలు సరిగ్గా ఎనిమిదేసి ఉంటాయి. దిబ్బలు కట్టే రాతి పగడాలది వేరే శాఖ. వాటి లెక్క ఆరు, ఆరు గుణిజాలు. అంటే మన పూర్వులు పగడమన్నది ఒక వర్గాన్ని, ఈనాడు మనం పగడపు దిబ్బ అంటున్నది మరొక వర్గం కట్టిన గోడను. కుజదోష శాంతికి పగడం ధరించమంటారు జ్యోతిష్కులు. కుజుడేమో యుద్ధానికి అధిపతి. నాకు జ్యోతిషంలో ప్రవేశం లేదు గాని, ఈ జోడింపు మాత్రం భలే కుదిరిందనిపిస్తుంది.

మరొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. నేనుండేది అమెరికాలో. హైదరాబాదులోనో విశాఖలోనో కూర్చుని ఇది చదివేవారు ఉత్సాహపడి బజారుకు బయలుదేరకుందురు గాక. రాతి పగడాలన్నింటినీ భారత ప్రభుత్వం 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలోకి తెచ్చింది. ఇకపై చెప్పబోయేదంతా ఇక్కడి తొట్ల గూర్చి.

రాతి పగడాలను చూచినవారికి అవి యుద్ధం చేస్తాయంటే నమ్మబుద్ధి కాదు. కదలవు, మెదలవు, చెట్టుకొమ్మలాగానో బండరాయిలాగానో పడి ఉంటాయి. వాటి యుద్ధం రాత్రిపూట జరుగుతుంది. 1970ల తొలినాళ్ళలో జూడిత్ లాంగ్ అనే శాస్త్రజ్ఞురాలు జమైకా దిబ్బలపై ఈ విషయాన్ని పరిశీలించి వ్రాసినది చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. రెండు జాతుల పగడాలను ప్రక్కప్రక్కన ఉంచితే, వాటిలో ఒకటి తన కడుపులోని జీర్ణతంతువులను దేహం వెలుపలికి చాచి, పొరుగుదాని మీద పరచి, దాని మాంసాన్ని ఉన్నచోటనే జీర్ణం చేసివేస్తుంది. గంటల వ్యవధిలో పని పూర్తి. తెల్లవారి చూస్తే పొరుగుదాని ఒంటిపై తెల్లని ఎముక కనబడుతుంది. ఎవరు ఎవరిని గెలుస్తారన్నదానికి ఒక వరుస కూడా ఉన్నదని ఆమె చూపారు. ఆ వరుసలో పైన ఉన్నవి నిదానంగా పెరిగే లావుపాటి పగడాలు. వేగంగా కొమ్మలు వేసే అక్రోపోరా వంటివి ఈ ద్వంద్వయుద్ధంలో బలహీనులు. అవి గెలిచేది ఎత్తు పెరిగి, క్రిందివారి మీద నీడ పరచి. పగడాల ఒంట్లో కాపురముండే సూక్ష్మశైవలాలకు వెలుతురే అన్నం కనుక, నీడ కూడా ఆయుధమే.

ఇంకొక ఆయుధం ఉన్నది. మామూలు స్పర్శకాల కన్న ఎన్నో రెట్లు పొడవుగా సాగి, ప్రవాహంలో ఊగుతూ, తగిలినదాన్నల్లా కుట్టే స్వీపర్ స్పర్శకాలు. గెలాక్సియా, యూఫీలియా జాతులు వీటికి ప్రసిద్ధి. జెరార్డ్ వెల్లింగ్టన్ 1980లో తూర్పు పసిఫిక్ పగడాలపై ప్రకటించిన పరిశోధనలో ఒక విచిత్రం కనిపిస్తుంది. పవోనా అనే పగడం మొదట తన జీర్ణతంతువులతో పొసిల్లొపోరాను గాయపరుస్తుంది. దెబ్బ తిన్న పొసిల్లొపోరా ఊరుకోదు. కొన్ని వారాలకు ఆ గాయపడిన అంచునే స్వీపర్ స్పర్శకాలను పెంచుకుని తిరగబడుతుంది, ఓడినది గెలుస్తుంది. ఈ సంగతి తెలిసిన తరువాత, తొట్టి పెట్టిన మూడవ వారంలో "రెండూ చక్కగా సర్దుకున్నాయండీ" అని ఎవరైనా చెబితే నాకు నమ్మకం కలగదు. ఆ జీవుల పంచాంగం వేరు.

ఇంతవరకూ చెప్పినది గట్టివారి పద్ధతి. దానికొక సుగుణమున్నది: అందితేనే పోరు. చేయి చాచినంత దూరానికి ఆవల ఉన్నవారికి భయం లేదు. మెత్తనివారి పద్ధతికి ఆ హద్దు లేదు.

మన పొలాలలో వయ్యారిభామ అనే కలుపుమొక్కను ఎరుగనివారుండరు. పేరు చూస్తే ఎంతో సొగసు. తన చుట్టూ వేరొక మొక్కను మొలవనీయకుండా నేలలోకి విషాన్ని వదులుతుందని రైతులకు తెలుసు. మెత్తని పగడాలు నీటిలోని వయ్యారిభామలు. సార్కోఫైటన్‌ను చూడండి, పెద్ద పుట్టగొడుగులా గొడుగు విప్పి, దాని మీద వేలాది పాలిప్‌లు గాలికి ఊగే గడ్డిలా కదులుతూ ఉంటాయి. రాతి గూడు లేదు, చెప్పుకోదగ్గ కుట్టు లేదు. చేపలు దాన్ని ఎందుకు కొరుక్కుతినవన్న ప్రశ్న ఎవరికైనా రావలసినదే. ఎర్రసముద్రపు సార్కోఫైటన్ నుండి సార్కోఫైన్ అనే పదార్థాన్ని వేరుచేసి, అది చేపలకు విషమని 1974లోనే ప్రకటించారు. తరువాత ఆస్ట్రేలియాలో జాన్ కోల్, పాల్ సమ్మార్కో మొదలైనవారు గ్రేట్ బారియర్ రీఫ్ మీద మెత్తని పగడాలను తీసికొనిపోయి రాతి పగడాల చెంతన నాటి చూచారు. 1983లో వారు ప్రకటించిన ఫలితాల ప్రకారం, తాకిన చోటనే గాక, తాకకుండా ప్రక్కన ఉన్నప్పుడు కూడా కొన్ని రాతి పగడాలకు హాని జరిగింది. 1995లో సినులేరియా ఫ్లెక్సిబిలిస్ అనే మెత్తని పగడం నుండి తీసిన టెర్పీన్ జాతి రసాయనాలను అక్రోపోరా, పొరైటీస్ పగడాలపై ప్రయోగించి, అవి పాలిప్‌లకు చేసే కీడును నేరుగా చూపారు. మెత్తని పగడాలన్నీ ఒకే స్థాయి విషం కలవి కావు, రాతి పగడాలన్నీ ఒకే స్థాయి సుకుమారులూ కావు. అయినా దిక్కు మాత్రం స్పష్టమే.

మరి సముద్రంలో ఈ రెండు వర్గాలూ ఇరుగుపొరుగున బ్రతకడం లేదా అని అడుగవచ్చు. బ్రతుకుతున్నాయి. అక్కడే ఇంటి తొట్టికీ సముద్రానికీ ఉన్న భేదం తెలుసుకోవాలి.

సముద్రంలో మెత్తని పగడం వదిలిన రసాయనం పోటుకూ పాటుకూ కొట్టుకొనిపోతుంది. రేపు అక్కడికి వచ్చే నీరు వేరు. ఇంటి తొట్టి సంగతి చూడండి. మా దేశీయులు చాలామంది ఇక్కడ మొదట కొనేది 75 గాలన్ల తొట్టి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 284 లీటర్ల నీరు. రాళ్ళూ ఇసుకా ఆక్రమించినది పోను ఇంకా తక్కువ. ఆ నీటినే పంపు గంటకు అయిదారుసార్లు క్రిందికి దించి పైకి తోడుతుంది. ఈ గంటలో సార్కోఫైటన్ వదిలినది మరుగంటలో అక్రోపోరా ఒంటిని తాకుతుంది, ఆ మరుగంటలో మళ్ళీ తాకుతుంది. సాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో ఫిలిప్పీన్స్ పగడపు దిబ్బను తలపించే తొట్టి ఒకటున్నది. దాని పరిమాణం 2,12,000 గాలన్లు, లోతు 25 అడుగులు. అందులో రెండు రకాలూ ఉన్నాయి కనుక మన ఇంట్లోనూ ఉండవచ్చునని వాదించిన మిత్రులున్నారు. అది మన తొట్టికి దాదాపు 2,800 రెట్లని, దాన్ని చూచుకొనడానికి జీతాలిచ్చి మనుషులను పెట్టారని వారికి గుర్తుచేయవలసి వచ్చింది.

రెండవ భేదం ఇంతకన్న ముఖ్యమైనదని నా ఉద్దేశం, దాని గూర్చి మాట్లాడేవారు మాత్రం తక్కువ. మా వైపు కోస్తాలో, గోదావరి కృష్ణలు తెచ్చే ఒండ్రునీటికి, చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లేవు. తుపానులు మాత్రం కావలసినన్ని. కాబట్టి జోసెఫ్ కోనెల్ అనే జీవశాస్త్రజ్ఞుడు 1978లో ప్రకటించిన వాదం నాకు వెంటనే మనసుకు పట్టింది. ఆయన ఆస్ట్రేలియాలోని హెరన్ ద్వీపపు దిబ్బను ఏళ్ళ తరబడి గమనించినవాడు. పగడపు దిబ్బ మీద అన్ని జాతులున్నది అవి శాంతంగా ఉన్నందువల్ల కాదని, యుద్ధం ముగియకముందే తుపాను వచ్చి గెలవబోయేవాడినీ ఓడబోయేవాడినీ కలిపి ఊడ్చివేస్తున్నందువల్లనని ఆయన వాదన సారాంశం. తుపాను రాని చోట బలవంతుడు కాలక్రమాన స్థలమంతా ఆక్రమిస్తాడు. ఆ సిద్ధాంతంపై తరువాతి కాలంలో విమర్శలు వచ్చాయి, అన్ని చోట్లా అది వర్తించదన్నారు. గాజుతొట్టికి మాత్రం అక్షరాలా వర్తిస్తుంది. ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, ఉప్పు వెయ్యికి 35 పాళ్ళు, దీపం రోజూ అదే వేళకు వెలిగి అదే వేళకు ఆరుతుంది. అలజడి లేదు. అందువల్ల అక్కడి యుద్ధం మధ్యలో ఆగదు. జీనియా ఒక రాతి నుండి మరొక రాతికి పాకుతుంది. గ్రీన్ స్టార్ పాలిప్‌లు పచ్చని తివాచీలా పరచుకుంటూ పోయి, దారిలో అక్రోపోరా మొదలు వస్తే దాన్ని కూడా కప్పివేస్తాయి. ఆపే తుపాను లేదు, కత్తెర పట్టిన యజమాని తప్ప.

ఇక్కడ ఈ వ్యాసంగంలో ఉన్న ఒక దురాచారం గూర్చి కొంచెం కటువుగా వ్రాయక తప్పదు. మనవాళ్ళు పగడాలలో కూడా వర్ణవ్యవస్థ పెట్టారు. మెత్తని పగడాలు ఓనమాలవారికి, అక్రోపోరా పట్టభద్రులకు. మొదటి ఏడు సార్కోఫైటన్, సినులేరియా, జీనియా. నీటిని కాస్త నిలకడగా ఉంచడం చేతనైన తరువాత యూఫీలియా. ఆపైన అక్రోపోరా, దాని బొటనవ్రేలంత ముక్క కోసం నూరు డాలర్లు వెచ్చించినవారిని ఎరుగుదును. ఈ మెట్లెక్కడంలో ఎవరూ గమనించని విషయం, మెట్లన్నీ ఒకే తొట్టిలో ఉండటం. మొదటి ఏడాది అరచేయంత ఉన్న సార్కోఫైటన్ మూడవ ఏటికి భోజనపు కంచమంత అవుతుంది. సుకుమారమైన అక్రోపోరా ముక్క సరిగ్గా అప్పుడే ఆ తొట్టిలో అడుగుపెడుతుంది. అంటే శత్రువు బాగా బలిసిన తరువాత పసివాడిని కోటలోకి పంపుతున్నాము. ముక్క రంగు తగ్గి, పాలిప్‌లు ముడుచుకుని, మొదలు నుండి తెల్లబడి చనిపోతుంది. యజమాని మరొకటి కొంటాడు. నాలుగైదు పోయాక, ఎవరో చెప్పగా, సార్కోఫైటన్‌ను రాతి నుండి గీకి చెత్తబుట్టలో పారవేస్తాడు. మూడేళ్ళు తన తొట్టికి అందమిచ్చిన జీవి! అది చేసిన నేరం బాగా పెరగడం.

ఆ ముక్కలు ఎక్కడివి? ఇప్పుడు చాలావరకు తొట్లలో పెంచి కోసినవే దొరుకుతున్నాయి, సంతోషం. కాని అడవిలో చెట్టు నరికినట్టు దిబ్బల నుండి కోసి తెచ్చినవి ఇప్పటికీ బజారులో ఉన్నాయి. రాతి పగడాల అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటీస్ ఒప్పందం క్రింద అనుమతులతో నియంత్రిస్తారు; మెత్తని పగడాలలో అధికభాగానికి ఆ పట్టిక రక్షణ కూడా లేదు. ఇండొనేషియా 2018లో పగడాల ఎగుమతిని నిలిపివేసినప్పుడు ఇక్కడ దుకాణాలలో గగ్గోలు పుట్టింది, తరువాత వారు సాగు చేసిన పగడాలకు తిరిగి తలుపు తెరిచారు. ఆ గగ్గోలు రోజుల్లో, మన తొట్లలో ఏటా ఎన్ని ముక్కలు అనవసరంగా చస్తున్నాయన్న మాట ఎవరి నోటా రాలేదు. నా బాధ అది. సముద్రాలు వేడెక్కి దిబ్బలకు దిబ్బలే పాలిపోతున్న కాలంలో, ఒకదానికొకటి పడదని తెలిసి తెలిసి రెంటినీ ఒక గాజుపెట్టెలో బంధించి, చచ్చినదాని స్థానంలో కొత్తది కొనడాన్ని ప్రకృతి ప్రేమ అనడానికి నాకు నోరు రాదు.

ఎదుటి పక్షం వాదన కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో బలమున్నది. యాక్టివేటెడ్ కార్బన్ ఈ టెర్పీన్ల వంటి సేంద్రియ పదార్థాలను పీల్చుకుంటుంది. ప్రోటీన్ స్కిమ్మర్ నురగతో కొంత లాగివేస్తుంది. వారం వారం నీరు మారిస్తే మిగిలినది పలుచనవుతుంది. ఈ మూడూ శ్రద్ధగా చేసి, పదేళ్ళుగా రెండు రకాలనూ కలిపి పెంచుతున్నవారి తొట్లను నేను చూచాను, అందంగానే ఉన్నాయి. నా అభ్యంతరం వారి మీద కాదు. కార్బన్ మూడు నాలుగు వారాలకు నిండిపోతుంది; అది మార్చడం మరచి ఊరికి వెళ్ళినవాడి తొట్టి ఏమవుతుందన్నది ప్రశ్న. ఉపకరణం మీద ఆధారపడిన సంధి ఉపకరణం ఉన్నంతవరకే. పైగా మనకు కనబడేవి నిలిచిన తొట్లే. నిలవనివి అటకెక్కాయి, వాటి ఫోటోలు ఎవరూ తీయరు.

అయితే, విషం అన్న మాటను చేతికందిన కర్రలా వాడేవారితో కూడా నాకు పేచీ ఉన్నది. అక్రోపోరా చనిపోగానే "అంతా ఆ లెదర్ కోరల్ విషమే" అనడం ఈమధ్య పరిపాటి అయినది. మనం ఇంట్లో కాల్షియం కొలుస్తాము, ఆల్కలినిటీ, మెగ్నీషియం, నైట్రేటు, ఫాస్ఫేటు కొలుస్తాము. ప్రయోగశాలకు నీటి నమూనా పంపి నలభై మూలకాల లెక్క తెప్పించుకుంటాము. టెర్పీన్లు కొలిచే పరికరం మన దుకాణాలలో లేదు. కొలవలేనిదాని మీద నేరం మోపడం సులువు, అది కాదనలేదు. వారం రోజుల్లో ఆల్కలినిటీ పదకొండుకు ఎక్కి ఏడుకు దిగిన తొట్టిలో పగడం చస్తే సార్కోఫైటన్‌ను ఉరి తీయడం న్యాయం కాదు. వెలుతురు, ప్రవాహం, నీటి నిలకడ, పురుగులు, ఇవన్నీ చూచి, ఏదీ దొరకనప్పుడు మాత్రమే ఈ అనుమానానికి రావాలి. అప్పుడు కూడా పరీక్షించే మార్గమున్నది: కొత్త కార్బన్ వేసి రెండు మూడు రోజులు గమనించడం. ముడుచుకున్న పాలిప్‌లు విప్పుకుంటే అనుమానానికి కొంత ఆధారం దొరికినట్టే.

నా పద్ధతి చెబుతాను, ఇదే సరియైనదని శాసించడానికి కాదు. మా ఇంట్లో రెండు తొట్లున్నాయి, రెండింటికీ నీటి సంబంధం లేదు. చిన్నదానిలో రాతి పగడాలు. బలమైన దీపం, ఉధృతమైన ప్రవాహం. పెద్దదానిలో మెత్తనివి మాత్రమే. చూడవచ్చినవారు పెద్దతొట్టి ముందే కూర్చుంటారు. రాతి పగడాల తొట్టి మ్యూజియంలా ఉంటుంది, మెత్తనిది కదులుతుంది. గాలికి వరిచేను ఊగినట్టు మొత్తం తొట్టి ఊగుతుంది. దీన్ని ఓనమాలవారి తొట్టి అన్నవారి మాటను నేను పట్టించుకోవడం మానివేశాను. 1961లో జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రపు రాళ్ళు, గాలిబుడగలు తప్ప పెద్ద యంత్రాలేవీ లేకుండా పగడాలను ఇంట్లో బ్రతికించి చూపాడు. ఈ వ్యాసంగానికి ఆయన ఒక ఆదిపురుషుడు. హంగులు తక్కువైతే హోదా తక్కువని ఆయన అనుకుని ఉండడు.

రెండు తొట్లకు చోటో డబ్బో లేనివారు ఒక పక్షం ఎన్నుకోవడం మంచిది. ఇప్పటికే కలిపి పెట్టినవారు కంగారుపడి ఏదీ పారవేయవద్దు. మెత్తనివాటిని ప్రవాహం చివరి కొసకు, రాతివాటిని మొదటి కొసకు మార్చండి. నీరు తిరిగి వచ్చేదే అయినా నేరుగా మీద పడటం తగ్గుతుంది. యూఫీలియా చుట్టూ జానెడు ఖాళీ వదలండి. జీనియాను, గ్రీన్ స్టార్ పాలిప్‌లను ప్రధాన శిల నుండి వేరుచేసి, ఇసుక మధ్య విడి రాతి మీద ద్వీపంలా ఉంచండి. సార్కోఫైటన్ పైపొర మైనంలా ఊడే రోజుల్లో కార్బన్ తాజాగా ఉండాలి. కత్తెర వేయవలసి వస్తే తొట్టిలో వేయకండి. బయట వేరే గిన్నెలో, తొట్టి నీటిలోనే ఉంచి కోసి, జిగురు పోయేదాకా కడిగి, ఆ నీటిని పారబోయండి. చేతికి తొడుగులు, కంటికి అద్దాలు మరువవద్దు. ముఖ్యంగా అదే రాతి మీద జొయాంథిడ్లు ఉంటే. వాటిలో కొన్నింటి విషం మనుషులను ఆసుపత్రి పాలు చేసినది.

మా పెద్దతొట్టిలో సినులేరియా ఒకటి ఈ వేసవికి నీటిమట్టాన్ని తాకింది. వచ్చే నెలలో దానికి కత్తెర పడుతుంది, ఆరేడు ముక్కలు వస్తాయి. అక్రోపోరా లేని తొట్టి ఉన్నవారు, దగ్గరి ఊళ్ళవారైతే, వచ్చి తీసికొనిపోవచ్చు. మూత గట్టిగా బిగిసే డబ్బా తెచ్చుకోండి.